ఆగని తొందరకు కండరాల అడ్డుకట్ట
పంపునీటి చప్పుడు విన్నా, ఇంటి తాళం తీస్తున్నా ఆపుకోలేని తొందర. మరుగుదొడ్డి చేరేలోగా బట్టలు తడుస్తాయి. పెళ్ళిళ్ళు, ప్రయాణాలు మానుకొన్న స్త్రీలు ఈ సంగతి భర్తకైనా చెప్పరు. వయసు మహిమేనని సరిపెట్టుకొంటారు.

నిండకముందే మూత్రాశయపు గోడ కండరం సంకోచించడం దీనికి మూలం. కటి అడుగు కండరాలను బిగిస్తే ఆ సంకోచం సడలుతుంది. వీటి వ్యాయామాన్ని 1948లో ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికన్ వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్.

తొందర పుట్టగానే పరుగెత్తరాదు. ఆగి, అపానవాయువును ఆపుతున్నట్లు ఆ కండరాలను అయిదారుసార్లు చకచక బిగించి వదలాలి. ఉధృతి తగ్గాక నడవాలి. ఊపిరి బిగబట్టడం, పొత్తికడుపు బిగించడం పలువురు చేసే తప్పు. అందుచేత ఫిజియోథెరపిస్టు వద్ద నేర్వడం మేలు. గుణం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పట్టవచ్చు. మంట, రక్తం కనిపిస్తే మాత్రం ముందు వైద్యుని చూడాలి.