శాఖాశబ్దార్థము – రాష్ట్ర ప్రభుత్వ వ్యవస్థ

శాఖ యనగా కొమ్మ. చెట్టుకొమ్మను తెలుపు నీ శబ్దము మన వాఙ్మయమునందు వేదపాఠభేదములకు చెల్లినది. తైత్తిరీయ శాఖ, కాణ్వ శాఖ, శాకల శాఖ యని వ్యవహరించుచున్నాము. నేటి తెలుగున ఈ శబ్దమే ప్రభుత్వ కార్యాలయములకు సంక్రమించినది. రెవిన్యూ శాఖ, విద్యా శాఖ, దేవాదాయ శాఖ యను పేర్లు అక్షరజ్ఞానము లేనివారికిని పరిచితములే.

అయితే వేదశాఖకును ప్రభుత్వశాఖకును ముఖ్యమైన భేదము కలదు. స్వశాఖను సాంగముగా అధ్యయనము చేసినవానికి స్వాధ్యాయవిధి నెరవేరినట్లే. అన్యశాఖల నపేక్షింప బనిలేదు. ప్రభుత్వశాఖ యట్లు స్వయంపూర్ణము కాదు. ఒక శాఖలో పుట్టిన కార్యము మూడు నాలుగు శాఖలలో సంచరించిన గాని ఫలింపదు. ఈ సంచారక్రమము నెఱుగని అర్జీదారుడు తన కాగితము ఎచ్చట నిలిచినదో తెలియక సంవత్సరములు గడుపును. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమును ఉదాహరణముగా గొని ఆ క్రమమును వివరించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మూలము

కొమ్మలను గూర్చి చెప్పుటకు ముందు మూలమును గూర్చి చెప్పవలెను. భారత రాజ్యాంగము 154వ అధికరణము రాష్ట్ర కార్యనిర్వాహకాధికారమును గవర్నరునందు నిక్షేపించినది. 163వ అధికరణము ఆయనకు సహాయమును, సలహాను ఒసగుటకు ముఖ్యమంత్రి నాయకత్వమున మంత్రిమండలి యుండవలెనని చెప్పుచున్నది. ఆ మండలి సమష్టిగా శాసనసభకు బాధ్యత వహించునని 164వ అధికరణము విధించినది. 166వ అధికరణము ననుసరించి ప్రతి ప్రభుత్వ కార్యమును గవర్నరు పేరనే జరుగవలెను. ఉత్తర్వుల చివర గవర్నరు ఆజ్ఞానుసారముగా అను వాక్యము వ్రాసి దాని క్రింద కార్యదర్శి సంతకము చేయుటకు ఇదియే కారణము. అధికారము ఒకరిది, నిర్ణయము వేరొకరిది, సంతకము మఱియొకరిది. ఈ మూడును వేర్వేరని గ్రహించినవానికి తక్కిన వ్యవస్థ సుబోధమగును.

ఆ 166వ అధికరణమే కార్యనిర్వహణ నియమములను ఏర్పఱచుకొనుటకు అవకాశము నిచ్చినది. ఏ విషయము ఏ శాఖకు చెందునో, ఏది మంత్రి స్థాయిలో తీరునో, ఏది ముఖ్యమంత్రికి పోవలెనో, ఏది మంత్రిమండలి యెదుట నుంచవలెనో ఆ నియమములు నిర్ణయించును. కావున మంత్రియు శాఖయు ఒకటి కావు. ఒక మంత్రి క్రింద రెండు మూడు శాఖలుండవచ్చును. 2003లో జరిగిన 91వ రాజ్యాంగ సవరణము మంత్రుల సంఖ్య శాసనసభ సభ్యుల సంఖ్యలో నూటికి 15 మించరాదని నియమించినది. 175 స్థానములు గల ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ముఖ్యమంత్రితో కలిపి 26 మందియే పరిమితి. శాఖలకు అట్టి పరిమితి లేదు. మంత్రులు మారుదురు; శాఖ దస్త్రములతో, సిబ్బందితో నిలిచియుండును.

ఒకే పేరు, రెండు అర్థములు

వ్యవహారమునందలి సందేహములలో అధికభాగము ఇచ్చటనే పుట్టుచున్నది. శాఖ యను నొక్క మాటనే మనము రెండు భిన్నసంస్థలకు వాడుచున్నాము.

మొదటిది సచివాలయ శాఖ. ఆంధ్రప్రదేశ్ సచివాలయము 2016 నుండి అమరావతి ప్రాంతమందలి వెలగపూడిలో నున్నది. ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి దాని కంతటికి అధిపతి. ఒక్కొక్క శాఖకు కార్యదర్శి, ముఖ్య కార్యదర్శి, ప్రత్యేక ప్రధాన కార్యదర్శి అను హోదాలలో ఏదేని యొకటి గల అధికారి యుండును. ఆయన క్రింద అదనపు, సంయుక్త, ఉప, సహాయ కార్యదర్శులు, వారి క్రింద సెక్షన్ ఆఫీసర్లు ఉందురు. దస్త్రము సెక్షనులో పుట్టి మెట్టుమెట్టుగా పైకి పోవును. ఇచ్చట జరుగునది ఆలోచనము, విధాననిర్ణయము, నియమరచన. దీని ఫలము జీవో యని లోకము పిలుచు ప్రభుత్వ ఉత్తర్వు. ఆ ఉత్తర్వులలో ఎం.ఎస్. అను గుర్తు గలవి ముఖ్యవిషయములకును, ఆర్.టి. అను గుర్తు గలవి నిత్యవ్యవహారములకును సంబంధించినవి.

రెండవది శాఖాధిపతి కార్యాలయము. కమిషనరు, డైరెక్టరు, చీఫ్ ఇంజనీరు మొదలగు పేర్లతో నుండునది ఇది. పోలీసులకు డైరెక్టర్ జనరలు, భూపరిపాలనకు ప్రధాన కమిషనరు, దేవాలయములకు దేవాదాయ కమిషనరు, కళాశాలలకు కళాశాల విద్యా కమిషనరు శాఖాధిపతులు. సచివాలయము నిర్ణయించినదానిని క్షేత్రమున నడపుట వీరి విధి. వీరు జారీ చేయునది జీవో కాదు, ప్రొసీడింగ్సు. ఒకే విషయమున రెండింటికిని వైరుధ్యము కలిగినచో జీవోయే ప్రబలము. కమిషనరు నిర్ణయముపై పునర్విమర్శ కోరువాడు చట్టము అనుమతించినచోట ప్రభుత్వమునకు, అనగా సచివాలయ శాఖకు, విన్నవించుకొనవలెను. విద్యా శాఖకు అర్జీ పెట్టితినని చెప్పువాడు ఈ రెండింటిలో దేనికి పెట్టెనో తానే యెఱుగకున్న, ఆ అర్జీ గతి యేమగునో చెప్పనక్కఱలేదు.

శాఖల పరస్పరాపేక్ష

ఎయిడెడ్ ప్రాచ్యకళాశాలలో ఒక వ్యాకరణాధ్యాపక పదవి ఖాళీ యైనదనుకొందము. యాజమాన్యము కళాశాల విద్యా కమిషనరుకు వ్రాయును. పదవిని నింపుటకు ప్రభుత్వానుమతి కావలసియున్నచో కమిషనరు ప్రతిపాదనము సచివాలయమందలి ఉన్నత విద్యా శాఖకు పోవును. జీతభారము ఖజానాపై బడును గనుక ఆర్థిక శాఖ సమ్మతి లేనిదే దస్త్రము ముందుకు సాగదు. నియమవ్యాఖ్యానమున సంశయము కలిగెనా, న్యాయ శాఖ అభిప్రాయము కావలెను. పిమ్మట మంత్రి ఆమోదము, ఉత్తర్వు, కమిషనరు ప్రొసీడింగ్సు, నియామకము. తుదకు జీతపు బిల్లు ఖజానా కార్యాలయమున చెల్లవలెను.

ఇందు ఉన్నత విద్యా శాఖ ఒక కొమ్మయైనచో ఆర్థిక, న్యాయ, సాధారణ పరిపాలన శాఖలు అన్ని కొమ్మలకును రసము నందించు కాండము వంటివి. అధ్యాపకుడు లేక తరగతి మూతపడిన తరువాత వచ్చిన అనుమతి విద్యార్థికి నిరుపయోగము. కావున ఆలస్యమైనప్పుడు విద్యా శాఖను నిందించుటకు ముందు దస్త్రము ఏ శాఖయందు నిలిచినదో తెలిసికొనుట వివేకము.

జిల్లా, మండలము, గ్రామము

శాఖాధిపతుల క్రింద జిల్లాధికారులు కలరు. వీరికి రెండు విధములైన అధీనత కలదు: శాఖాపరముగా తమ శాఖాధిపతికి, సమన్వయపరముగా జిల్లా కలెక్టరుకు. రెవిన్యూ శ్రేణి కలెక్టరు, రెవిన్యూ డివిజనల్ అధికారి, తహశీల్దారు, గ్రామ రెవిన్యూ అధికారి యని దిగివచ్చును. ఉమ్మడి రాష్ట్రమున 1984లో కరణము, మునసబు పదవులు రద్దయినవి. 1985లో తాలూకాల స్థానమున మండలములు వచ్చినవి. విభజనానంతర ఆంధ్రప్రదేశ్‌లో 2019న గ్రామ, వార్డు సచివాలయములు ప్రవేశపెట్టబడినవి. 2022న 13 జిల్లాలు 26గా పునర్వ్యవస్థీకృతములైనవి. ఈ మార్పులన్నియు క్రింది కొమ్మలకు సంబంధించినవే. సచివాలయము, శాఖాధిపతి, జిల్లా అను అంతరువుల క్రమము మాత్రము చెక్కుచెదరలేదు.

శాఖలు కానివి

ప్రభుత్వ సంబంధము గలదంతయు ప్రభుత్వశాఖ కాదు. హైకోర్టు, రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమిషను మంత్రుల అధీనములు కావు. రాష్ట్ర లెక్కలను తనిఖీ చేయు అకౌంటెంట్ జనరలు కేంద్రమందలి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరలుకు చెందినవాడు. కార్పొరేషన్లు ప్రభుత్వ ధనముతో నడచినను వేఱు వ్యక్తిత్వము గలవి. రోడ్డు రవాణా సంస్థ ఉద్యోగులను 2020 జనవరి 1 నుండి ప్రభుత్వోద్యోగులుగా గ్రహించుటకు ప్రజా రవాణా శాఖ యను క్రొత్త శాఖను కల్పింపవలసి వచ్చుటయే ఈ భేదమునకు నిదర్శనము.

ప్రాచీన దృష్టి

శాఖావిభాగము పాశ్చాత్యుల నుండియే వచ్చినదని కొందఱి భావన. 1909లో ఆర్. శామశాస్త్రిగారు మైసూరునుండి ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున ద్వితీయాధికరణము అధ్యక్షప్రచారము. అందు శుల్కమునకు, సీతకు, సూత్రమునకు, నావలకు వేర్వేఱు అధ్యక్షులు కలరు. ఆదాయమును సమకూర్చువాడు సమాహర్త. దానిని భద్రపఱచువాడు సన్నిధాత. లెక్కల నిలయము అక్షపటలము. తెచ్చువాడు, దాచువాడు, లెక్కచూచువాడు వేర్వేఱుగ నుండవలెనను సూత్రము నేటి రెవిన్యూ, ఖజానా, ఆడిటు వ్యవస్థలందును కానవచ్చును. సమాహర్త యను పదమునకును కలెక్టరు అను పదమునకును అర్థమొక్కటే. గోపుడు ఐదు లేక పది గ్రామములను, స్థానికుడు జనపదమున నాల్గవ వంతును చూచువారు.

అయినను ఈ సాదృశ్యమును మితిమీఱి సాగదీయరాదు. కౌటిల్యుని అధ్యక్షుడు రాజునకు ఉత్తరవాది. నేటి శాఖ మంత్రి ద్వారమున శాసనసభకు, సభ ద్వారమున ప్రజకు ఉత్తరవాది. ప్రశ్నించు హక్కు ప్రజకు గలుగుటయే నేటి వ్యవస్థయొక్క విశేషము.

ఫలితము

ఈ హక్కును 2005 నాటి సమాచార హక్కు చట్టము దృఢపఱచినది. ప్రతి ప్రభుత్వ సంస్థయు తన నిర్మాణమును, విధులను, నిర్ణయక్రమమును తానై ప్రకటింపవలెనని అందలి 4వ సెక్షను విధించినది. సమాచారము కోరు దరఖాస్తు పొరబాటున వేఱొక సంస్థకు చేరినచో, దానిని ఐదు దినములలో తగిన సంస్థకు పంపవలెనని 6వ సెక్షను చెప్పుచున్నది. సామాన్యుడు శాఖాభేదమును ఎఱుగడని చట్టమే అంగీకరించినది. కాని ఈ సౌకర్యము సమాచారార్థియగు దరఖాస్తునకే. పింఛను కోరు వితంతువు అర్జీకి, పట్టా కోరు రైతు అర్జీకి ఆ సెక్షను రక్షణ లేదు. కావున వారికి శాఖాజ్ఞానమే రక్షణము.

ఇందు భాషాపండితులకును కర్తవ్యము కలదు. 1966లో అధికారభాషా చట్టము వచ్చినను, ఉత్తర్వులు తెలుగున వెలువడినప్పుడు సయితము అనేకములు దుర్బోధములుగనే యున్నవి. అర్థశాస్త్రమున శాసనలేఖనమునకు అర్థక్రమము, సంబంధము, పరిపూర్ణత, మాధుర్యము, ఔదార్యము, స్పష్టత్వము అని ఆఱు గుణములు చెప్పబడినవి. వీనిలో స్పష్టత్వమొక్కటి కుదిరినను చాలును: ఎవరు నిర్ణయించిరి, ఎవరు నడపవలెను, అన్యాయము జరిగినచో ఎవరికి చెప్పుకొనవలెను అను మూడు విషయములు పల్లెవానికి తెలియగలవు. ప్రాచ్యకళాశాలల విద్యార్థులు సెలవు దినములలో తమ గ్రామమున అర్జీలు వ్రాసిపెట్టుచు, శిరోభాగమున సరియైన అధికారి పేరు చేర్చినచో, వారు నేర్చిన పదార్థజ్ఞానము సార్థకమగును.