కనకమ్మ సత్రంలో తిమింగలం తాడు

బడి వెనక పాత బావికి వాడిన చేంతాళ్ళు రెండు తెచ్చి ముడేశాం. మీటరుకొక గుడ్డపీలిక చొప్పున ఇరవై నాలుగు పీలికలు కట్టాం. ఒక శనివారం ఉదయం కనకమ్మ సత్రం దగ్గరి తెలుగు బడిలో, వరండా ఈ కొస నుంచి ఆ కొసకు దాన్ని పరిచాం. వరండా సరిపోలేదు. మెట్లు దిగి, వేపచెట్టు దాటి, నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళాక గానీ తాడు చివర కనిపించలేదు. పిల్లల్ని చేతులు బార్లా చాపి దాని పొడుగునా నిలబడమన్నాం. ఇరవై మంది పట్టారు. నాలుగో తరగతి పిల్లవాడొకడు తల వైపు నుంచి తోక వైపుకు పరుగెత్తి వచ్చి, "సార్, ఇది మన బడి కంటే పొడుగుండాదే!" అన్నాడు.

హిందూ మహాసముద్రం ఉత్తర భాగంలో, అంటే మన వైపు సముద్రాల్లో తిరిగే నీలి తిమింగలం నిండా ఎదిగితే సుమారు ఆ తాడంత ఉంటుంది. అంటార్కిటికా వైపుది ముప్పై మీటర్ల దాకా పెరుగుతుంది. ఆ కొలత కూడా చూపిద్దామనుకున్నాం కానీ, తాడు గేటు దాటి తిరుపతి రోడ్డు మీదికి వెళ్తుంది. లారీలకు భయపడి మానుకున్నాం.

ఈ చుట్టుపక్కల తెలుగు బడుల్లో పాఠాలు చెప్పే నలుగురం కలిసి ఈ పని మొదలుపెట్టాం. పాఠంలో తిమింగలం బొమ్మ ఉంటుంది. అరచేతిలో పట్టేంత బొమ్మ. దాని కింద "ప్రపంచంలోకెల్లా పెద్ద జంతువు" అని ఒక వాక్యం. పిల్లలు ఆ వాక్యాన్ని తప్పు లేకుండా అప్పచెబుతారు. ఎంత పెద్దదిరా అని అడిగితే "చాలా పెద్దది" అంటారు. మా పిల్లల్లో సముద్రం చూసినవాళ్ళు చాలా తక్కువ. మన తిరువళ్ళూరు జిల్లాకు పళవేర్కాడు వైపు సముద్రతీరం ఉంది నిజమే. కానీ సత్రం నుంచి అటు వెళ్ళే పని ఎవరికుంటుంది? ఇక్కడి పిల్లలు చూసిన పెద్ద నీళ్ళంటే పూండి చెరువే.

ముందు మాట సంగతి. తిమి అంటే పెద్ద చేప, దాన్ని మింగేది తిమింగిలం. అమరకోశంలోనే ఉన్న మాట ఇది. మనకు తిమింగలమై, తమిళంలో తిమింగిలంగానే ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మా పిల్లలకు రెండు చోట్లా ఒకటే మాట దొరకడం చాలా సౌకర్యం. చిక్కల్లా ఆ మాట చెప్పే అర్థంతోనే. నీలి తిమింగలం పెద్ద చేపల్ని మింగదు. దాని నోట్లో పళ్ళే లేవు. పై దవడ నుంచి వేలాడే జల్లెడలాంటి పలకలున్నాయి. నోరు తెరిచి ఒక గదికి సరిపడా నీళ్ళు పట్టి, ఆ జల్లెడ గుండా బయటికి నెట్టి, మిగిలిన సన్నజీవుల్ని మింగుతుంది. శ్రీలంక దగ్గరి నీలి తిమింగలాలు ఎక్కువగా చిన్న రొయ్యల్ని తింటున్నాయని 2018లో పరిశోధకులు రాశారు. సంతలో కుప్పపోసి అమ్మే ఎండు రొయ్యల్ని ఒక గుప్పెడు తెచ్చి చూపించాం. ఇంత పెద్దదానికి ఇదా తిండి అని పిల్లలు నమ్మలేదు. ఇక "చేప" అనే భ్రమ పిల్లల కంటే పెద్దవాళ్ళలోనే గట్టిగా ఉంది. అది పిల్లను కని, పాలిచ్చి పెంచుతుంది, గాలి పీల్చడానికి పైకి వస్తుంది అని చెబితే ఒక అవ్వ, "మన ఆవు మాదిరేనా?" అని అడిగింది. సరిగ్గా అంతే.

తాడు పరిచిన రోజున చూడ్డానికి వచ్చిన తండ్రి ఒకరు మమ్మల్ని పక్కకు పిలిచి అడిగిన మాట ఇక్కడ దాచుకోలేం. "అయ్యా, తెలుగు బడిలో వేస్తే ఇవన్నీ మా వాడికి తెలుస్తాయా? పక్క బడి పిల్లలు ఏవేవో చెబుతుంటారు." తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న ఊరు. ఇక్కడ తెలుగు ఎక్కడి నుంచో వచ్చింది కాదు. అయినా ఏటా ఒకటో తరగతిలో చేరేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టుకునే స్థితి మాది. ఆ తండ్రి అడిగింది తిమింగలం గురించి కాదని మాకు తెలుసు. తన భాషలో చదివితే బిడ్డకు లోకం చిన్నదైపోతుందేమో అన్నది ఆయన బెంగ. దానికి మాటలతో జవాబు చెప్పలేక, పిల్లల్ని ఎళుంబూరు మ్యూజియానికి తీసుకెళ్తామన్నాం.

తీసుకెళ్ళాం కూడా. తిరువాలంగాడు స్టేషన్లో లోకల్ ఎక్కి, సెంట్రల్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులో పాంథియన్ రోడ్డుకు చేరాం. తలుపు మూసి ఉంది. ఆ రోజు శుక్రవారం. ఆ మ్యూజియానికి శుక్రవారమే సెలవు. పులిహోర పొట్లాలు విప్పి ఒక చెట్టు కింద తిని తిరిగొచ్చాం. తప్పు పూర్తిగా మాదే. ముందుగా ఒక్క ఫోను చేసి ఉంటే తెలిసేది. పిల్లలు మాత్రం రైలెక్కినందుకే సంబరపడ్డారు. రెండోసారి గురువారం చూసుకుని వెళ్ళాం.

1851లో మొదలైన ఆ మ్యూజియానికి తెలుగువాళ్ళు సాధారణంగా అమరావతి శిల్పాల కోసం వెళ్తారు. మేమూ వాటినే ముందు చూపించాం. తర్వాత జంతువుల విభాగానికి వెళ్తే, అక్కడుంది తిమింగలం ఎముకల గూడు. 1874లో మంగళూరు తీరంలో ఒడ్డుకు చేరిన జంతువు అది. మంగళూరుది మద్రాసుకు ఎందుకు వచ్చిందని ఒక అమ్మాయి అడిగింది. అప్పట్లో దక్షిణ కన్నడ జిల్లా కూడా మద్రాసు రాజధానిలోనిదే. సాంఘిక శాస్త్రం పాఠం అలా మధ్యలో దూరింది. పాత పుస్తకాల్లో ఈ గూడుకు బెలీనోప్టెరా ఇండికా అని పేరు. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకున్న ఎడ్వర్డ్ బ్లైత్ 1859లో పెట్టిన పేరు అది. మన వైపు నీలి తిమింగలాలను శాస్త్రవేత్తలు ఇవాళ్టికీ ఆ ఇండికా పేరుతోనే పిలుస్తారు.

పలకల మీద తమిళం, ఇంగ్లీషు ఉన్నాయి. తెలుగు మేమే అయ్యాం. పక్కటెముకలు, వెన్నుపూసలు, దవడ, పుర్రె అని చూపిస్తూ పోతుంటే పిల్లలు తమ ఒంట్లో అవే తడుముకున్నారు. ముందు రెక్క దగ్గర అందరం ఆగిపోయాం. బయటికి తెడ్డులా కనిపించే ఆ రెక్క లోపల ఉన్నవి వేళ్ళ ఎముకలు. మన చేతిలో ఉన్నట్టే మోచేయి, మణికట్టు, వేళ్ళు. ఈదేదానికి వేళ్ళెందుకు?

ఈ ప్రశ్నకు జవాబు సముద్రంలో దొరికింది కాదు. జమ్మూ కాశ్మీరులో కాలాకోట్ దగ్గర కొండరాళ్ళలో దొరికింది. ఎ.రంగారావు అనే భారతీయ భూగర్భ శాస్త్రవేత్త అక్కడి రాళ్ళు సేకరించి, అందులోని ఒక చిన్న జంతువు అవశేషాలకు 1971లో ఇండోహయస్ అని పేరు పెట్టారు. ఇంకా పగలగొట్టని రాళ్ళు ఆయన దగ్గర చాలా మిగిలిపోయాయి. ఆయన పోయిన తర్వాత వాటిని ఆయన భార్య అమెరికా శాస్త్రవేత్త హాన్స్ థెవిసెన్‌కు అప్పగించారు. ఆ రాళ్ళలోంచి బయటపడ్డ పుర్రె ఒకటి శుభ్రం చేస్తుండగా చెవి ఎముక విరిగింది. విరిగిన చోట చూస్తే ఆ ఎముక తిమింగలాల చెవి ఎముక లాగా ఒక పక్క మందంగా ఉంది. సుమారు 4.8 కోట్ల ఏళ్ళ నాటి ఆ జంతువు పిల్లికి కాస్త పెద్దది. నాలుగు కాళ్ళతో, గిట్టలతో వాగుల్లో తిరిగేది. తిమింగలాలకు దగ్గరి బంధువు ఇదేనని 2007లో ప్రకటించారు. సముద్రానికి దూరంగా ఉన్నామని దిగులుపడే మా పిల్లలకు ఇంతకంటే మంచి కబురు మేం చెప్పలేం. తిమింగలాల వంశం మొదలైంది నేల మీద, అదీ మన ఉపఖండంలోనే. రంగారావు గారి పేరును నల్లబల్ల మీద పెద్దక్షరాలతో రాయించాం.

ఎముకలు చూశారు గానీ గుండె? 2014లో కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరానికి కొట్టుకొచ్చిన ఒక నీలి తిమింగలం గుండెను టొరంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియం వాళ్ళు చెడిపోకుండా భద్రపరిచారు. బరువు సుమారు 180 కిలోలు. రెండు బియ్యం మూటలెత్తే మనిషి కూడా కదపలేనిది. దానికంటే పిల్లలకు పట్టింది ఇంకో లెక్క. కాలిఫోర్నియా దగ్గర ఒక నీలి తిమింగలానికి గుండె చప్పుడు కొలిచే పరికరం అతికించి చూస్తే, లోతుకు మునిగినప్పుడు ఒక్కోసారి నిమిషానికి రెండుసార్లే కొట్టుకుందని 2019లో తేలింది. రైల్లో తిరిగి వస్తూ ఆ ఆట ఆడాం. గడియారం చూసి ఒక్క చప్పట్టు. ముప్పై సెకన్లు నిశ్శబ్దం. మళ్ళీ ఒక చప్పట్టు. పెట్టెలో కూర్చున్న వాళ్ళందరూ మా వైపే చూశారు. పిల్లలు అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం మేం ఎప్పుడూ చూడలేదు.

ఇంట్లో ఫోన్లో వీడియో చూపిస్తే చాలదా అని కొందరు తల్లులు అడిగారు. చూపించండి, మంచిదే. తెర మీద నీలి తిమింగలమూ పూండి చెరువు జెల్ల చేపా ఒకే సైజులో కనిపిస్తాయి, అదొక్కటే లోపం. అందుకే ముందు తాడు, తర్వాత వీడియో అని మేం నియమం పెట్టుకున్నాం. దాని పాటలో చాలా భాగం మన చెవికి అందనంత మంద్రంగా ఉంటుంది. మీకు ఫోన్లో వినిపించేది వేగం పెంచి స్థాయి ఎత్తినదని పిల్లలకు చెప్పండి. లక్షద్వీప్‌లోని కవరత్తి దగ్గర నీటి అడుగున మైకులు పెట్టి అక్కడి నీలి తిమింగలాల పాటను పట్టిన వాళ్ళలో దివ్యా పణిక్కర్ అనే మన దేశపు పరిశోధకురాలు ఉన్నారు. ఆ వివరాలు 2021లో వచ్చాయి.

తెలుగు నేల మీద తిమింగలం వార్త వచ్చిందంటే అది చాలాసార్లు చనిపోయినదాని వార్తే. 2023 జులైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి ఒకటి కొట్టుకొచ్చింది. నీలి తిమింగలమని, 25 అడుగుల పొడుగుందని పత్రికలు రాశాయి. జనం గుంపులుగా వెళ్ళి ఫోటోలు దిగారు. మేం ఆ కొలతను మా తాడు మీద గుర్తుపెట్టాం. ఏడో పీలిక దాటి కాస్త. అప్పుడే పుట్టిన నీలి తిమింగలం పిల్ల కూడా సుమారు ఏడు మీటర్లే ఉంటుంది. ఆ పత్రికలు చెప్పింది నిజమైతే అది పాలు తాగే బిడ్డ. అక్కడ ఎర్ర గుడ్డ కట్టాం. పిల్లలు కాసేపు దాని దగ్గరే ఉండిపోయారు.

ప్రాణంతో ఉన్నదాన్ని చూడాలంటే మనకు దగ్గరి దారి శ్రీలంక. ఆ దేశపు దక్షిణ కొసన మిరిస్సా అనే ఊరుంది. చెన్నై నుంచి గాలిదారిన సుమారు 800 కిలోమీటర్లు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడి పడవల వాళ్ళు జనాన్ని తీసుకెళ్తారు. ఖర్చు మన బడుల తాహతుకు మించిందే. మన వైపు నీలి తిమింగలాలు చాలా వరకు అంటార్కిటికాకు పోకుండా ఏడాది పొడుగునా ఈ వెచ్చని నీళ్ళలోనే ఉంటాయి. 1960ల్లో సోవియట్ వేట నౌకలు అరేబియా సముద్రం వైపు వెయ్యికి పైగా నీలి తిమింగలాలను గుట్టుగా చంపాయి. ఇప్పుడు వేట లేదు గానీ, శ్రీలంక దక్షిణాన పెద్ద ఓడల దారి సరిగ్గా అవి మేసే చోటు మీదుగానే పోతుంది. ఓడ తగిలి చచ్చిపోతున్నాయి. ఇది చెప్పాలా వద్దా అని మాలో మాకే వాదన జరిగింది. చివరికి ఐదో తరగతి, ఆపై వాళ్ళకు మాత్రం చెప్పాం.

పూండి నుంచి కొసస్థలై నది ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. 1996 నుంచి కృష్ణ నీళ్ళు కూడా కాలువ దారిన పూండికి వస్తున్నాయి. "అయితే మన చెరువు నీళ్ళు తిమింగలం దగ్గరికి పోతాయా టీచర్?" అని అడిగిన అమ్మాయికి, వాన బాగా పడి గేట్లు ఎత్తిన ఏడు పోతాయని చెప్పాం. ఆ మర్నాడు ఆమె ఇంట్లో అదే మాట తమిళంలోనూ చెప్పిందట. వాళ్ళ నాన్న వచ్చి చెప్పారు. తెలుగు బడిలో వేస్తే ఇవన్నీ తెలుస్తాయా అని మమ్మల్ని పక్కకు పిలిచి అడిగింది ఆయనే.

ఈ పని చేయాలనుకునే బడులకు రెండు మాటలు. తాడుకు నైలాను వద్దు, సాగుతుంది, కొలత తప్పుతుంది. ఎళుంబూరుకు శుక్రవారం వెళ్ళకండి.

మా తాడు ఇప్పుడు హెడ్‌మాస్టరు గదిలో మేకుకు వేలాడుతోంది. ఆగస్టు పదిహేను ఆటల్లో తాడులాగుడు పోటీకి దాన్ని తీయబోతే పిల్లలు ఒప్పుకోలేదు. అది తిమింగలం, లాగితే తెగుతుందన్నారు. వేరే తాడు పక్క ఇంటి నుంచి అడిగి తెచ్చాం.