జాబులో దాగిన బెంగ

1941 డిసెంబరులో రంగూను మీద బాంబులు పడేదాకా బర్మాకు కూలికి వెళ్లిన తెలుగువారిలో మగవారే ఎక్కువ. అక్కడివారు వారిని ‘కొరంగీ’లనేవారు, యానాంకు దగ్గరలోని కోరంగి రేవును బట్టి వచ్చిన పేరది. భార్యాబిడ్డలు గంజాంలోనో గోదావరి తీరాననో ఉండిపోయేవారు. నడుమ సముద్రం. ఉత్తరం ఓడమీద రావాలి.

ఆనాటి మర్యాద ప్రకారం భర్త నేరుగా భార్యకు జాబు రాయడం అరుదు. తండ్రికి రాస్తే ఆమె ‘మీ కోడలు’, అన్నకు రాస్తే ‘మీ మరదలు’, కొడుక్కైతే ‘మీ అమ్మ’. పేరుండదు. చదువురానివాడు ఇంకొకరిచేత రాయించాలి; ఇక్కడ మరొకరు చదివి వినిపించాలి. ఇందరి మధ్య బెంగ చెప్పుకోవడమెలా?

మన భాషలో అందుకు రెండు చిన్న ప్రత్యయాలున్నాయి. ‘పిల్లవాడికి జ్వరం తగ్గింది’ అన్నది దగ్గరుండి చూసినవారి మాట. ‘తగ్గిందట’ అన్నది విన్నమాట. దూరానున్న తండ్రికి దక్కేదింతే. ఇక ‘తగ్గిందో లేదో’లోని ‘ఓ’ సందేహార్థకమని వ్యాకరణాలంటాయి. నాకది చాలదనిపిస్తుంది. ‘ఎలా వుంది?’ అన్నవాడు జవాబు కోసం అడుగుతాడు. ‘మీ కోడలు ఎలా వుందో’ అన్నవాడికి జవాబు ఇప్పట్లో రాదని తెలుసు. ‘చంటిదానికి అమ్మవారు పోసిందట’ అన్న కబురు చేరేసరికే ఎన్నో రోజులు గడిచిపోయేవి. ఆ బిడ్డ ఉన్నదో లేదో.

తమిళంలో ‘ఆం’, కన్నడంలో ‘అంతె’, మరాఠీలో ‘మ్హణే’ మన ‘అట’ పని చేస్తాయి. ‘ఓ’ మాత్రం తమిళ కన్నడాల్లోనూ ఉన్నదే. ఒడియాలో ఈ బెంగను ఎలా పలుకుతారో బరంపురం విద్యార్థులు రాసి పంపగలరు.