పాలిటెక్నిక్ ట్రైనింగ్‌లో ఎన్ని సెలవులు పెట్టొచ్చు? మధ్యలో కంపెనీ మారాలంటే ఏం చేయాలి?

మీ ఇంట్లో ఎవరైనా పాలిటెక్నిక్ చివరి ఏడాదిలో ఉన్నారా? ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కి వెళ్లబోతున్నారా? అయితే ముందు ఒక లెక్క సరిచూసుకోండి. రెండేళ్లుగా అలవాటైన 75 శాతం హాజరు లెక్క ఇక్కడ పనిచేయదు.

ఆంధ్రప్రదేశ్‌ పాలిటెక్నిక్‌ల్లో తరగతి గది హాజరుకు 75 శాతం ఉండాలి. అనారోగ్య కారణాలు చూపి, ఫీజు కడితే 65 శాతం వరకు మినహాయింపు దొరుకుతుంది. ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కి మాత్రం ఎస్‌బీటెట్ పెట్టిన గీత 90 శాతం. అంతకన్నా తగ్గితే ఆరు నెలల ట్రైనింగ్ మళ్లీ చేయాలి. తగ్గిన నాలుగు రోజులో, వారమో చేసి సరిపెడతామంటే కుదరదు. క్లాసులో ఉండే పది శాతం వెసులుబాటు మీద ఇక్కడ ఆశ పెట్టుకోకండి.

రోజుల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. నెలకు 25 పనిదినాలు అనుకుంటే ఆరు నెలలకు 150. అందులో 135 రోజులు కంపెనీలో కనిపించాలి. మిగిలేవి 15. ఒకసారి ఆటలమ్మ పోస్తే రెండు వారాలు మంచం మీదే గడిచిపోతాయి, ఆ తర్వాత ఇంట్లో పెళ్లికి కూడా సెలవు మిగలదు. సంక్రాంతికి కాలేజీ సెలవులిచ్చింది కదా అని ఊరెళ్లిపోయేవాళ్లు చాలామంది. ట్రైనింగ్‌లో ఉన్నంతకాలం మీకు వర్తించేది కంపెనీ సెలవుల పట్టిక. చేరిన రోజే వారాంతపు సెలవు ఏ రోజో, పండగ సెలవులు ఎన్నో అడిగి రాసుకోండి.

మరో పెద్ద గండి ఈసెట్ కోచింగ్. డిప్లొమా తర్వాత నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరాలంటే ఈసెట్ రాయాలి. దాంతో ట్రైనింగ్ పక్కనపెట్టి కోచింగ్ సెంటర్‌లో కూర్చోవడం మామూలైపోయింది. ఎంత మంచి ర్యాంకు వచ్చినా ట్రైనింగ్ పూర్తికానిదే డిప్లొమా చేతికి రాదు, డిప్లొమా లేకుండా ఆ సీటు నిలబడదు. పొద్దున కంపెనీ, సాయంత్రం చదువు అన్నట్టు కుదుర్చుకోవడం ఒక్కటే దారి. డబ్బు తీసుకుని హాజరు రాసిచ్చేవాళ్లు ఉన్నారని ఎవరైనా చెబితే వినకండి. చివర్లో కాలేజీలో వైవాతో పాటు, నేర్చుకున్న పని ఒకటి చేసి చూపించాల్సిన పరీక్ష కూడా ఉంటుంది. మిషన్ ముట్టుకోనివాళ్లు అక్కడ దొరికిపోతారు.

హాజరుకు సాక్ష్యం ఎవరి దగ్గర ఉంటుంది?

పెద్ద ఫ్యాక్టరీల్లో గేటు దగ్గర పంచింగ్ ఉంటుంది. చిన్న వర్క్‌షాపుల్లో, సైట్ల మీద ఒక్కోసారి రిజిస్టరే ఉండదు. అక్కడ మీ రోజువారీ డైరీయే ఆధారం. ఆ రోజు ఏ పని చేశారో రెండు మూడు వాక్యాలు రాసి, సూపర్‌వైజర్ సంతకం ఎప్పటికప్పుడు తీసుకోండి. ఆరు నెలల సంతకాలు చివరి వారంలో ఒకేసారి పెట్టించుకుందామనుకుంటే, అప్పటికి ఆ సూపర్‌వైజర్ ఉద్యోగం మారిపోయి ఉండొచ్చు. నెలాఖరున ఆ పేజీల ఫోటోలు మీ గైడ్ లెక్చరర్‌కి వాట్సాప్‌లో పంపండి. సెలవు పెడితే కంపెనీకి చెప్పిన మాటే కాలేజీకీ రాతలో చెప్పండి.

కంపెనీ మారాల్సి వస్తే?

యూనిట్ మూతపడొచ్చు. హాస్టల్ దొరక్కపోవచ్చు. ఎలక్ట్రికల్ విద్యార్థిని తీసుకెళ్లి మూడు వారాలుగా గోడౌన్‌లో బాక్సులు మోయిస్తూ ఉండొచ్చు. ఇవన్నీ మారడానికి సరైన కారణాలే. కానీ చాలామంది చేసేది, ఓ సోమవారం వెళ్లడం మానేసి, తర్వాత కొత్త కంపెనీ వెతుక్కోవడం. కష్టాలు అక్కడే మొదలవుతాయి. పాత చోట మానేసిన రోజు నుంచి కొత్త చోట చేరే రోజు వరకు మిమ్మల్ని హాజరుగా రాసేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ రోజులు మీ 15లోంచే పోతాయి.

అందుకే వరుస తిరగేయండి. ముందు గైడ్‌కి, ప్రిన్సిపాల్‌కి కారణం వివరిస్తూ లెటర్ ఇవ్వండి. కొత్త సంస్థ నుంచి తీసుకుంటామన్న లెటర్, దానికి కాలేజీ అనుమతి చేతికి వచ్చాకే పాతచోట రిలీవ్ అవ్వండి. రిలీవింగ్ లెటర్‌లో చేరిన తేదీ, వదిలిన తేదీతో పాటు ఎన్ని రోజులు హాజరయ్యారో అంకెల్లో రాయించుకోండి. ఈ చివరి ముక్క మర్చిపోయే మళ్లీ పాత కంపెనీ చుట్టూ తిరుగుతుంటారు.

ఎప్పుడు మారుతున్నారన్నది కూడా ముఖ్యమే. ట్రైనింగ్‌కి మొత్తం 300 మార్కులైతే 240 కంపెనీలో జరిగే రెండు మదింపులవే, ఒక్కోటి 120. సాధారణంగా 12 వారాలకు ఒకటి, 20 వారాలకు మరొకటి. కాలేజీ నుంచి వచ్చే అధ్యాపకుడు, కంపెనీ ఇన్‌చార్జి కలిసి వేస్తారు. పదకొండో వారంలో మారితే, మిమ్మల్ని నాలుగు రోజులు కూడా చూడని మనిషి మార్కులు వేయాలి. మారక తప్పదనుకుంటే మొదటి నెలలోనే మారండి, లేదా మొదటి మదింపు అయిన మర్నాడు అడగండి. భద్రత విషయమైతే మాత్రం మార్కుల లెక్క చూడకండి, ఆ రోజే కాలేజీకి ఫోన్ చేయండి.

రాత్రి షిఫ్టు గురించి తల్లిదండ్రులు ఎక్కువగా అడుగుతుంటారు. పదో తరగతి కాగానే చేరినవాళ్లలో ట్రైనింగ్ నాటికి 18 నిండనివాళ్లు ఉంటారు. 14 నుంచి 18 ఏళ్ల లోపువారితో రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని చేయించకూడదని 1986 బాల, కౌమార కార్మిక చట్టం చెబుతోంది. ప్రమాదకర పనుల్లో పెట్టడంపై నిషేధం 2016 సవరణతో వచ్చింది. "ఇది ఉద్యోగం కాదు, ట్రైనింగే కదా" అని కంపెనీ అనొచ్చు. ఆ వాదనకు దిగకుండా, పుట్టిన తేదీ ఉన్న పదో తరగతి మెమో జతచేసి షిఫ్టు మార్చమని ప్రిన్సిపాల్ ద్వారా అడిగించండి. విద్యార్థి ఒక్కడే వెళ్లి అడిగిన దానికన్నా కాలేజీ లెటర్‌హెడ్ మీద వెళ్లిన మాట త్వరగా పనిచేస్తుంది.

తెలంగాణ విద్యార్థులకు వేరే బోర్డు, వేరే నిబంధనలు. ఏపీలోనూ ఏ సెమిస్టర్‌లో ట్రైనింగ్ అన్నది బ్రాంచిని, కరిక్యులాన్ని బట్టి మారుతుంది. మీ బ్యాచ్ కరిక్యులం పుస్తకం మొదట్లోనే నిబంధనల పేజీలుంటాయి. కంపెనీలో చేరేముందు ఆ పేజీలను ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.