కణాలకు దారి చూపే చాళ్ళు

దుక్కి దున్నిన చేలో మీరెప్పుడైనా నడిచారా? చాలు వెంట నడిస్తే అడుగు సాఫీగా పడుతుంది. చాళ్ళకు అడ్డంగా నడవబోతే అడుగడుగునా మిట్ట ఎక్కాలి, పల్లం దిగాలి. అందుకే ఎవరూ చెప్పకపోయినా మన కాళ్ళు చాలు వెంటే పోతాయి. మన శరీరంలోని కణాలు కూడా ఇలాగే చాళ్ళ వెంట నడుస్తాయంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు.

కణాలు నడవటమేమిటి అంటారా? మోకాలు గీరుకుపోయినప్పుడు గాయం అంచుల్లోని చర్మకణాలు పాక్కుంటూ వచ్చి ఆ ఖాళీని కప్పుతాయి. తల్లి గర్భంలో పిండం పెరిగేటప్పుడు ఎన్నో కణాలు పుట్టిన చోటు విడిచి తమ తమ స్థానాలకు ప్రయాణం చేస్తాయి. వాటికి కళ్ళు లేవు, చెవులు లేవు. మరి దారి ఎలా తెలుస్తుంది? కొంత రసాయనాల వల్ల తెలుస్తుంది. మరికొంత కేవలం స్పర్శ వల్ల, అంటే కాలి కింది నేల నునుపుగా ఉందా, గీతలు గీతలుగా ఉందా అన్న దాన్ని బట్టి తెలుస్తుంది.

సాలెగూటి మీద ప్రయోగం

ఈ సంగతిని మొదట గమనించినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు రాస్ హారిసన్. 1907లో ఆయన కప్ప పిండం నుంచి చిన్న నాడీకణజాలపు ముక్క తీసి, గాజు పలక నుంచి వేలాడే శోషరసపు చుక్కలో ఉంచాడు. అందులోంచి నాడీతంతువు పెరుగుతూ ఉండటాన్ని సూక్ష్మదర్శినిలో కళ్ళారా చూశాడు. తరువాత ఆయనకు మరో సందేహం కలిగింది. కణాలు ద్రవంలో ఊరికే ముందుకు పోగలవా, లేక పట్టుకోవటానికి ఏదైనా ఆధారం కావాలా? ఇది తేల్చటానికి సాలెపోగులను పరిచి వాటి మీద కణాలను పెంచాడు. కణాలు సాలెపోగును పట్టుకుని, దాని పొడవునా సాగి, దాని వెంటే కదిలాయి. ఈ ఫలితాలను 1914లో వివరంగా ప్రకటించాడు.

ఆ తరువాత వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన పాల్ వైస్ ఈ విషయాన్ని ఇంకా లోతుగా పరిశోధించాడు. ఆధారంగా ఉన్న పోగుల వరుసే కణాలకు దారి చూపుతుందని చెప్పాడు. దీనినే స్పర్శ మార్గదర్శనం అనవచ్చు.

1980 దశకంలో స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రజ్ఞుడు ఆడమ్ కర్టిస్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు క్రిస్ విల్కిన్సన్ చేతులు కలిపారు. ఎలక్ట్రానిక్ చిప్పులు చేసే పద్ధతితోనే మైక్రాన్ల కొలతలో సన్నని చాళ్ళు చెక్కారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వాటి మీద కణాలను వదిలి చూస్తే, చాళ్ళు లోతైనకొద్దీ కణాలు మరింత కచ్చితంగా వరుసలో నిలిచాయి. చాళ్ళ మధ్య దూరం పెరిగినకొద్దీ ఆ వరుస చెదిరిపోయింది. దూరం కన్న లోతు ప్రభావమే ఎక్కువని తేలింది.

ఎందుకిలా జరుగుతుంది?

కణం ముందుకు పోవాలంటే మొదట తన అంచును పల్చగా చాపుతుంది. ఆ అంచు నేలను గట్టిగా అంటుకుంటుంది. కణం లోపల ఆక్టిన్ అనే ప్రోటీను పోగులు తాళ్ళలాగా బిగుసుకుని, వెనుక భాగాన్ని ముందుకు లాగుతాయి. చాలు అంచు దగ్గర ఈ తాళ్ళు నిటారుగా వంగటం కష్టం. గట్టు పొడవునా అయితే అంటుకోవటానికి చోటు, సాగటానికి వీలు రెండూ ఉంటాయి. అందుచేత కణం కోలగా సాగి గట్టు వెంటే పోతుంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. చాలు దారిని మాత్రమే చూపుతుంది. ఆ దారిలో తూర్పుకు పోవాలా, పడమరకు పోవాలా అన్నది చెప్పదు. దానికి రసాయన సంకేతాల వంటివి కావాలి. పైగా కణాలన్నీ ఒకే తీరుగా ప్రవర్తించవు. ఎలుక మెదడులోని కొన్ని నాడీకణాల పోగులు సన్నని చాళ్ళకు అడ్డంగా పెరగటం కూడా చూశారు.

తెగిన నరం కథ

దీనితో మనకేం పని అని మీరడగవచ్చు. వరి కోతల్లో కొడవలి జారి మణికట్టు దగ్గర లోతుగా తెగిందనుకోండి. నరం తెగితే వేళ్ళకు స్పర్శ పోతుంది. తెగిన నాడీతంతువు మళ్ళీ పెరగగలదు, కాని రోజుకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. మణికట్టు నుంచి వేలి కొనకు 18 సెంటీమీటర్లు, అంటే 180 మిల్లీమీటర్లు ఉంటే ఎన్ని రోజులు పడుతుందో లెక్క వేయండి. దాదాపు ఆరు నెలలు!

అంత దూరం అది దారి తప్పకుండా ఎలా పోతుంది? నరంలోని పాత తంతువు నశించినా, దాన్ని చుట్టి ఉన్న ష్వాన్ కణాలు వరుసగా నిలిచి దారి చూపుతాయి. తెగిన రెండు కొసలూ దగ్గరగా ఉంటే వైద్యులు కలిపి కుడతారు. మధ్యలో ఖాళీ ఎక్కువైతే కొత్త తంతువులు దారి తెలియక ముడిపడిపోతాయి. అప్పుడు రోగి కాలి నుంచే మరో నరం ముక్క తీసి వంతెనలా అతకవలసి వస్తుంది.

ఈ వంతెనను పోగులతో కట్టలేమా? జర్మనీలోని హనోవర్ వైద్యశాస్త్రజ్ఞులు సిర గొట్టంలో సాలెపట్టు పోగులను పొడవునా నింపి, గొర్రె కాలి నరంలో 6 సెంటీమీటర్ల ఖాళీలో అమర్చారు. నాడీతంతువులు ఆ దూరం దాటి పెరిగాయని 2011లో ప్రకటించారు. హారిసన్ సాలెపోగు నూరేళ్ళ తరువాత ఇలా పనికివచ్చింది!

మన అడవుల్లోనూ ఇటువంటి మంచి పోగు ఉంది. ఖానాపూర్‌కు తూర్పున చెన్నూర్, మహాదేవ్‌పూర్ ప్రాంతాల్లో మద్ది చెట్ల మీద పెంచే దసలి పట్టుపురుగు నూలే అది. కణాలు పట్టుకోవటానికి అనువైన మూడు అమైనో ఆమ్లాల వరుస ఈ పట్టులో ఉంది. మల్బరీ పట్టులో అది లేదు. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞులు దసలి పట్టు ప్రోటీను మీద కణాలను పెంచి, అవి చక్కగా అంటుకుని పెరుగుతాయని చూపారు. ఇది ప్రయోగశాలలో తేలిన సంగతి. దసలి పోగుతో మనిషి నరాన్ని అతికారని మాత్రం అనుకోకండి.

అందాకా మీ ఇంట్లో ఎవరికైనా చెయ్యి లోతుగా తెగి, వేలు మొద్దుబారితే పసుపు అద్ది ఊరుకోవద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. కొసలు దూరం జరగకముందే కలిపితే, నరం తన దారి తాను వెతుక్కోగలుగుతుంది.