రాత్రి పది గంటలకు భోజనమా?

స్పెయిన్ దేశపు రాజధాని మాడ్రిడ్. జూన్ నెలాఖరు. గడియారంలో రాత్రి తొమ్మిది. కాని పడమట ఎండ ఇంకా మెరుస్తూనే ఉంది! పిల్లలు, పెద్దలు, తాతలు, అమ్మమ్మలు గుంపులు గుంపులుగా వీధుల్లో తిరుగుతున్నారు. ఒక్కొక్క అంగడి దగ్గర ఆగి, చిన్న చిన్న పళ్ళేల్లో ఏదో రుచి చూసి, కబుర్లు చెప్పుకుని, మరో అంగడికి సాగిపోతున్నారు.

ఈ అంగళ్ళను అక్కడ బార్లు అంటారు. పెద్దలు ద్రాక్షసారా తాగితే పిల్లలు పళ్ళరసం తాగుతారు. చిన్న పళ్ళెంలోని తినుబండారం పేరు 'తాపా'. ఉప్పునీటిలో ఊరిన ఆలివ్ కాయలు, బంగాళాదుంపలు వేసిన మందపాటి అట్టు ముక్క, వెల్లుల్లితో వేయించిన రొయ్యలు - ఇలా ఎన్నో రకాలు. స్పానిష్ భాషలో తాపా అంటే మూత. పూర్వం గ్లాసులో ఈగలు పడకుండా రొట్టెముక్కను మూతగా పెట్టేవారనీ, అందువల్లే ఈ పేరు వచ్చిందనీ ఒక కథ చెబుతారు. ఉత్తరాన సాన్ సెబాస్టియన్ నగరంలో ఇలాంటి వాటిని రొట్టెముక్క మీద పెట్టి పుల్ల గుచ్చి ఇస్తారు. చాలాచోట్ల చివరకు పుల్లలు లెక్కపెట్టి డబ్బు తీసుకుంటారు!

ఇంతా తిన్నాక అసలు భోజనం ఎప్పుడు? రాత్రి పది గంటలకు! మధ్యాహ్న భోజనమైతే రెండున్నరకు. మరి స్పెయిన్ వాళ్ళు అన్ని పనులూ ఆలస్యంగా చేస్తారా? ఈ ప్రశ్నను సూర్యుణ్ణి అడిగి చూద్దాం.

భూమి తన చుట్టూ తాను 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. అందువల్ల తూర్పు ఊళ్ళలో సూర్యుడు ముందుగా నడినెత్తికి వస్తాడు, పడమటి ఊళ్ళలో తర్వాత వస్తాడు. ఊరికో వేళ ఉంటే రైళ్ళు నడవవు కదా! అందుకే దేశమంతటికీ ఒక రేఖాంశాన్ని ఎంచుకుని, దాని ప్రకారం గడియారాలు పెట్టుకుంటారు. మన దేశానికి అది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. అది కాకినాడకు చేరువగా పోతుంది. కనుక అక్కడ సుమారు పన్నెండు గంటలకే మిట్టమధ్యాహ్నం.

స్పెయిన్ 1901 నుండి గ్రీనిచ్ కాలాన్ని పాటించింది. అది సహజమే. సున్నా డిగ్రీల గ్రీనిచ్ రేఖ ఆ దేశపు తూర్పు భాగం గుండానే పోతుంది. కాని రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940 మార్చి 16 రాత్రి 11 గంటలకు, ప్రభుత్వం గడియారాలను ఒక గంట ముందుకు జరిపించింది. ఆ గంట మళ్ళీ వెనక్కు రాలేదు. ఫలితంగా నేటికీ స్పెయిన్ గడియారాలు 15 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తున్నాయి. ఆ రేఖ స్పెయిన్‌ను తాకనే తాకదు. ఎక్కడో ఇటలీలోని ఎట్నా అగ్నిపర్వతం దగ్గరగా పోతుంది!

ఇప్పుడు లెక్క వేయండి. మాడ్రిడ్ దాదాపు 3.7 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉంది. 15కు 3.7 కలిపితే 18.7. దాన్ని నాలుగు నిమిషాలతో గుణిస్తే సుమారు 75 నిమిషాలు. అంటే చలికాలంలో అక్కడ మిట్టమధ్యాహ్నం ఒంటిగంటంబావుకు. వేసవిలో గడియారాన్ని ఇంకో గంట ముందుకు జరుపుతారు కనుక రెండుంబావుకు! మరి రెండున్నరకు తినే భోజనం ఆలస్యమా? సూర్యుడి లెక్కలో అది పన్నెండుంబావు. రాత్రి పది అంటే ఏడు ముప్పావు మాత్రమే. ఈ రెండు భోజనాల మధ్య ఏడున్నర గంటల ఎడాన్ని తాపాలు పూరిస్తాయి.

అయితే చిక్కు లేకపోలేదు. భోజనం సూర్యుణ్ణి అనుసరించినా, బడి, ఉద్యోగం గడియారాన్ని అనుసరించి ఉదయమే మొదలవుతాయి. అందువల్ల నిద్ర తగ్గుతుందని కొందరి వాదం. వాయవ్యమూలన ఉన్న వీగో నగరంలో డిసెంబరులో సూర్యోదయం దాదాపు తొమ్మిదింటికి. పిల్లలు చీకట్లోనే బడికి బయలుదేరాలి. 2013లో ఒక పార్లమెంటరీ సంఘం గ్రీనిచ్ కాలానికి మళ్ళడం మంచిదని సూచించింది. కాని వెలుగున్న సాయంత్రాలను వదులుకోవడం ఎందరికో ఇష్టం లేదు. మార్పు జరగలేదు.

మీరూ చేసి చూడండి. ఆరుబయట ఒక కర్రను నిటారుగా పాతి, పదకొండున్నర నుండి ఐదేసి నిమిషాలకు నీడ కొసను గుర్తించండి. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న క్షణమే మీ ఊరి మిట్టమధ్యాహ్నం. హైదరాబాదులో అది సగటున 12 గంటల 16 నిమిషాలకు వస్తుంది. రోజును బట్టి పావుగంట దాకా ముందు వెనుకలు కావచ్చు. మీ ఊరి సూర్యుడికీ మీ గడియారానికీ తేడా ఎంతో కనుక్కోండి!