గ్రామఫోను ప్లేటులో పల్లెపాట

జానపద గేయానికి కర్త ఎవరో తెలియదు. అది పుట్టిన సంవత్సరం ఏ శాసనంలోనూ కనబడదు. ఒక నోట పుట్టి, పది నోళ్ళలో నలిగి, నూరు నోళ్ళలో నునుపుదేలి మన దాకా వచ్చిన సొత్తు అది. అట్టి పాటను ఏరి తెచ్చి ఒక గాయని రికార్డులో పాడగానే, అంతవరకు దానిని చిన్నచూపు చూచిన పట్టణవాసి కూడ చెవి యొగ్గి వింటాడు. తన ఇంటి పెరటిలో అమ్మమ్మ పాడినంత కాలం పట్టించుకొనని పాటను సొమ్ము వెచ్చించి కొని వింటాడు. ఈ ఆకర్షణకు కారణమేమి? దానివలన పాటకు కలిగే మేలెంత, కీడెంత? సాహిత్యం బోధించేవారూ అభ్యసించేవారూ కూడ ఆలోచించదగిన విషయమిది.

తెలుగునాట ఈ ప్రసక్తి రాగానే ముందు తలపునకు వచ్చేవి వింజమూరి సోదరీమణుల పేర్లు. అనసూయాదేవి 1920 మే 12వ తేదీన కాకినాడలో జన్మించినారు. ఆమె చెల్లెలు సీతాదేవి. భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు వారికి మేనమామ. మేనమామ రచించిన లలితగీతాలకు బాణీలు కూర్చి పాడిన ఆ గొంతులే పల్లెటూరి పదాలను కూడ సభావేదికపైకి, రేడియోలోకి, గ్రామఫోను ప్లేటులోకి తీసుకొని వచ్చినవి. సీతాదేవి ఆకాశవాణిలో జానపద సంగీత ప్రయోక్తగా పనిచేసి 2016లో మరణించినారు. అనసూయాదేవి తన జీవితపు చివరి సంవత్సరాలు అమెరికాలో గడిపి, 2019 మార్చి 23న హ్యూస్టన్ నగరంలో కన్నుమూసినారు. గోదావరి గట్టున విన్న వరసలు ఆమె వెంట అంత దూరం ప్రయాణం చేసినవి.

వారి కృషి విలువ తెలియాలంటే, అదే కాలంలో సాగిన మరొక కృషిని దాని ప్రక్కన పెట్టి చూడాలి. నేదునూరి గంగాధరంగారు ఊరూరా తిరిగి గేయాలు సేకరించినారు. బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1950ల దశకంలో తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసి, ఆ శాఖకు పండితలోకంలో గౌరవస్థానం కల్పించినారు. అయితే కాగితం మీద పాటలోని మాట నిలుస్తుంది గాని వరస నిలువదు. చరణం చివర గొంతు ఎక్కడ వాలుతుందో, వంత ఎక్కడ అందుకొంటుందో అచ్చు పుస్తకం చెప్పలేదు. ఆ లోటును పూరించినది రికార్డు.

ఇక ఆకర్షణ మాట. సోదరీమణులిద్దరూ శాస్త్రీయ సంగీతంతో పరిచయం గలవారు. అనసూయాదేవి హార్మోనియం వాదనలో దిట్ట. రాగాన్ని విస్తరించి, సంగతులు వేసి, పాటను అలంకరించగల శక్తి వారికున్నది. పల్లెపాట దగ్గరకు వచ్చేసరికి ఆ శక్తిని అదుపులో పెట్టుకొనడమే వారి గొప్పతనం. ఎందుచేతనంటే, పల్లెపాటకు తాళం వేసేది పని. మోకాటిలోతు బురదలో వంగి ఊడ్పులు ఊడ్చే స్త్రీకి ఊపిరి ఎంత అందుతుందో, పాటలో పాదం అంతే ఉంటుంది. ఒకతె చెప్పిన పాదాన్ని తక్కినవారు వంతగా అందుకొంటారు. ఆ వ్యవధిలో ఆమె ఊపిరి తీసుకొంటుంది, తరువాతి పాదాన్ని తలచుకొంటుంది. దంపుడు పాటలో ఊనిక రోకటి పోటు మీద పడుతుంది. పడవ పాటలో ‘హైలెస్సా’ అనే కేక అందరూ కలసి బలం చూపవలసిన క్షణానికి గుర్తు. జోలపాట ఉయ్యాలతోపాటు ముందుకు పోయి వెనుకకు వస్తుంది. ఈ కొలతలను చెడగొట్టకుండా పాడినప్పుడు, రికార్డులో చేను కనబడకపోయినా, రోలు కనబడకపోయినా, పనిచేసే మనిషి ఊపిరి మాత్రం వినబడుతుంది. ఆ పని ఎన్నడూ చేయని శ్రోతకు కూడ ఆ లయ శరీరానికి తెలుస్తుంది. రికార్డులోని పల్లెపాట మనలను పట్టి నిలిపే రహస్యం ఇదేనని నా అభిప్రాయం.

మేలు ఇంత ఉన్నది. మరి కీడు? మొదటిది కాలపరిమితి. భారతదేశంలో గ్రామఫోను కంపెనీవారు 1902లో కలకత్తాలో తొలిసారిగా పాటలు రికార్డు చేసిన నాటి నుంచి చిరకాలం చెలామణి అయిన లక్క ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. పది అంగుళాల ప్లేటులో ఒక ప్రక్కన పట్టేది సుమారు మూడు నిమిషాల పాట. అటువంటి ప్లేట్లు కొన్నింటిని పుస్తకం వలె కుట్టిన అట్టసంచులలో అమర్చి అమ్మేవారు. ఛాయాచిత్రాల పుస్తకాన్ని పోలినందున దానికి ‘ఆల్బమ్’ అనే పేరు వచ్చినది. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ విడుదల చేసిన లాంగ్ ప్లే రికార్డుతో ఒక్కొక్క ప్రక్క ఇరవై నిమిషాలకు పైగా పట్టే వీలు కలిగినది. పుస్తకం పోయినా ఆల్బమ్ అనే పేరు మాత్రం నిలిచినది.

పల్లెపాటకు ఇటువంటి గడియారం లేదు. మడి పూర్తయ్యేదాకా ఊడ్పు పాట సాగుతుంది. బిడ్డ నిద్రపోయేదాకా జోల సాగుతుంది. ‘ఊర్మిళాదేవి నిద్ర’ వంటి స్త్రీల పాటను తీసుకొనండి. లక్ష్మణుడు అడవికి పోయిన పదునాలుగేండ్లూ ఊర్మిళ నిద్రలోనే ఉన్నదనీ, తిరిగి వచ్చిన భర్తను నిద్రమత్తులో పరపురుషుడని భ్రమించినదనీ ఆ పాట చెబుతుంది. వాల్మీకంలో లేని ఈ కథను తెలుగు ఇల్లాండ్రు తమ కోసం కల్పించుకొన్నారు. మేల్కొన్న ఊర్మిళకు జరిగే మర్యాదలు, మంగళస్నానాలు, విందులు అన్నీ తీరికగా నడుస్తాయి. దానిని మూడు నిమిషాలకు కుదిస్తే కథ మిగులుతుందేమో గాని, ఆ తీరిక మిగలదు.

రెండవ కీడు ఇంతకంటె సూక్ష్మమైనది. దానిని నేను ఒక తరగతి గదిలో చూచినాను. ఒకప్పుడు జానపద సాహిత్యం పాఠం చెబుతూ రికార్డులోని జోలపాట నొకదానిని విద్యార్థులకు వినిపించినాను. సఖినేటిపల్లి నుంచి వచ్చే ఒక విద్యార్థిని లేచి, “ఈ పాట మా నాయనమ్మ కూడా పాడుతుందండీ మాస్టారూ. కాని ఆవిడకు సరిగా రాదండి. మధ్యలో రేవు గురించీ, నరసాపురం గురించీ ఏవేవో కలిపేస్తుందండి” అన్నది. ఆ ‘కలిపిన’ చరణాలే వ్రాసి తెమ్మన్నాను.

సఖినేటిపల్లి వసిష్ఠ గోదావరి గట్టున ఉన్నది. ఆవలి ఒడ్డు నరసాపురం. దిగువన అంతర్వేది వద్ద నది సముద్రంలో కలుస్తుంది. మాఘమాసంలో అక్కడ జరిగే లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి జనం తండోపతండాలుగా పోతారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన తరువాత కాలువనీరు పారి మాగాణులైన చేలూ, కొబ్బరితోటలూ, లంకలూ ఆ సీమ సంపద. అక్కడివారికి రేవు దాటడం నిత్యజీవితంలో భాగం. ఆ విద్యార్థిని వ్రాసి తెచ్చిన చరణాలలో బిడ్డ తండ్రి పని మీద ఏరు దాటి పోయినాడు. చీకటి పడుతున్నది. కడపటి రేవుకు అతడు రావాలి. పడవ ఈవలి గట్టుకు తగిలేలోగా కన్నుమూస్తే, లేచేసరికి నాన్న ప్రక్కన ఉంటాడని తల్లి బిడ్డకు చెబుతుంది. బిడ్డకు చెప్పే ఆ ధైర్యం నిజానికి తనకు తాను చెప్పుకొనేదే. పాటకంతటికీ ప్రాణం ఆ చరణాలలో ఉన్నది. మనుమరాలు వాటినే తప్పులనుకొన్నది.

ఇంకొక సంగతి కూడ ఆమె చెప్పినది. పాడమని అడిగితే ఆ వృద్ధురాలు, “రేడియోలో అంత బాగా పాడుతున్నారు కదే, ఇంక నా పాటెందుకు?” అన్నదట.

ఇందులో గాయనుల దోషం ఏమీ లేదు. వారు తాము విన్న పాఠాన్ని శ్రద్ధతో పాడినారు. దోషం మన వినికిడిలో ఉన్నది. ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు తాళపత్ర ప్రతులన్నీ సరిపోల్చి, కవి వ్రాసిన మూలరూపం ఏదో నిర్ణయించడానికి ప్రయత్నిస్తాడు. అక్కడ పాఠాంతరాలలో ఒకటి గ్రాహ్యం, తక్కినవి త్యాజ్యం. జానపద గేయానికి ఈ న్యాయం చెల్లదు. మూలకర్తయే తెలియని చోట మూలపాఠం ఎక్కడిది? పాడిన ప్రతి స్త్రీ దానికి కర్తయే. ఆమె ఊరు, ఆమె ఏరు, ఆమె దిగులు అందులో చేరుతాయి. రికార్డు వాటిలో ఒక్క పాఠాన్ని మాత్రమే నిలుపుతుంది. అది యంత్రం ద్వారా వచ్చినది గనుక, పట్టణం నుంచి వచ్చినది గనుక, దానినే ప్రమాణమని మనం నమ్ముతాము. అప్పుడు తక్కిన గొంతులు తమంత తామే మూగవోతాయి. విత్తనం గాదెలో ఎంత భద్రంగా ఉన్నా చల్లనిదే పంట లేదు. రికార్డు విని ఊరుకొన్న ఊరిలో పాట కూడ అంతే.

అందుచేత ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. జానపద గేయాల ఆల్బమ్‌ను పిల్లలకు తప్పక వినిపించండి. దానివలన వారికి చెవి ఏర్పడుతుంది. పల్లెపాట సిగ్గుపడవలసిన వస్తువు కాదనే గౌరవం కలుగుతుంది. కాని విన్న వెంటనే, “ఇదే పాటను మీ ఇంట్లో ఎట్లా పాడుతారు?” అని అడగండి. నేడు ఇంటింటా ఉన్న సెల్‌ఫోను ఆనాటి రికార్డింగు యంత్రం కంటె సులువైన సాధనం. మూడు నిమిషాల సంకెల కూడ దానికి లేదు. పాడినవారి అనుమతితో పాటను పూర్తిగా పట్టండి. పాడినదెవరు, ఏ ఊరు, ఏ పని చేస్తూ పాడేవారు, ఎవరి దగ్గర నేర్చుకొన్నారు అనే నాలుగు విషయాలు ప్రక్కన వ్రాయించండి. మాండలికపు మాటను దిద్దవద్దు. అర్థం కాని పదాన్ని తీసివేయవద్దు. ఒకే పాటకు పది ఇళ్ళలో పది రూపాలు దొరికితే పదింటినీ దాచండి.

దీనికి వ్యవధి ఎక్కువ లేదు. దంపుడు బియ్యం మిల్లు బియ్యమైనప్పుడే రోకటి పాటకు ఆధారం పోయినది. తెరచాప పడవలు పోయి మరపడవలు వచ్చినప్పుడు హైలెస్సాతో పని తీరినది. ఊడ్పు పాటలు, అట్లతద్ది పాటలు, అప్పగింత పాటలు నిండుగా తెలిసిన తరం ఇప్పుడు ముసలితనంలో ఉన్నది. వారిలో చాలమంది తమకు పాట రాదనే చెబుతారు. ఆ మాట నమ్మి వెనుకకు రావద్దు. దగ్గర కూర్చుండి, మొదటి చరణం మీరే తప్పుగానైనా ఎత్తుకొనండి. దిద్దడానికైనా వారు గొంతు విప్పుతారు.